భూకంపం పర్శరాములు

పద్నాలుగేళ్ళ కింద, శ్రావణమాసంలో ఒక పొద్దున, ఆసామి కైలాసం తన షెడ్డు గుమ్మంలో నిలబడి, పది గజాల దూరం నుంచి పర్శరాములును వేలెత్తి చూపించి, "వీడు తాగొచ్చిండు. బయటికి నూకుండ్రి" అన్నాడు.

పర్శరాములు పుట్టి బుద్ధెరిగి కల్లు చుక్క ముట్టినవాడు కాదు. ఆ సంగతి కైలాసానికి అందరికన్నా బాగా తెలుసు. ఇద్దరూ ఒకే సాంచె మీద పని నేర్చుకున్నవాళ్ళు. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. ముందు పర్శరాములు నేర్చుకుని, తర్వాత కైలాసానికి నేర్పాడు. వరస కలిపి బావా అంటే బావా అనుకునేవాళ్ళు. కైలాసం ముప్పై రెండు సాంచెలకు ఆసామి అయిన రోజు నుంచి ఆ వరస రెండువైపులా పోయింది. అతను "ఏమ్రా పర్శరాములూ" అనేవాడు, ఇతను "ఆసామీ" అనేవాడు. మనిషికి సాంచెలు పెరిగేకొద్దీ చుట్టాలు తగ్గుతారన్నది ఆ సాంచెల వాడలో అందరికీ తెలిసిన లెక్కే.

జరిగింది ఇంతే. ఆ పొద్దున పర్శరాములు ఎప్పటిలాగే చెప్పులు గుమ్మం బయట విడిచి, బండల మీద వట్టి కాళ్ళతో నడుస్తూ, ఏడో సాంచె దగ్గర ఆగాడు. మడిమ మీద బరువేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత కైలాసం దగ్గరికి పోయి చెప్పాడు.

"ఆసామీ, ఏడో సాంచె కింద నేల వేరే తీరుగ ఊగుతుంది. బందు పెట్టి బోల్టులు చూపియ్యాలె."

"నేల ఊగుతుందా? భూకంపం వచ్చిందారా నీకు? పో, పని చూస్కో. ఎల్లుండికి గుడ్డ పంపాలె."

అరగంటకు బోల్టు తెగింది. సాంచె కప్పలా ఎగిరి పక్కకు పడింది. దారం చుట్టిన బీము విరిగి, దాని నిండా ఉన్న దారమంతా చిక్కుపడి చింపిరి జుట్టయింది. ఎవరికీ దెబ్బ తగలకపోవడం నేతగాళ్ళ దేవుడు మార్కండేయుడి దయ. కానీ తప్పు ఎవరో ఒకరి మీద వేయాలి కదా. తప్పు తన నెత్తిన వేసుకున్న ఆసామిని ఆ వాడ ఇంతవరకు చూడలేదు. అందుకే ఆ మాట వచ్చింది: తాగొచ్చిండు.

కైలాసం దగ్గరికి రాలేదు. నోరు వాసన చూడలేదు. పది గజాల నుంచే కల్లు పసిగట్టిన ముక్కు అది.

షెడ్డులో ఉన్నవాళ్ళలో ఒక్కడూ నోరు విప్పలేదు. ఆ తర్వాత వాడలో ఏ ఆసామీ పర్శరాములుకు సాంచె ఇవ్వలేదు. పదకొండు నెలలు మహారాష్ట్రలో, భివండీ సాంచెల మీద పనిచేసి, అక్కడి వాన పడక తిరిగొచ్చాడు. వచ్చేసరికి అతని కోసం ఒక కొత్త పేరు తయారుగా ఉంది. భూకంపం. ఇంటి పేరులా అతుక్కుపోయింది. పిల్లలు పెద్దలయ్యారు, ఆ పేరు పెట్టింది ఎవరో, ఎందుకో మర్చిపోయారు. పేరు మాత్రం ఉండిపోయింది.

అయితే పేరుకన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. సాంచెల వాడలో చెవులు అలంకారానికే. ఇరవై ఏళ్ళు ఆ చప్పుడులో బతికినవాడికి పక్కనే పటాకా పేలినా ఎవరో దగ్గినట్టు ఉంటుంది. అందుకని ఒక్కొక్కరు ఒక్కొక్క అవయవాన్ని నమ్ముకుంటారు. కొందరు కళ్ళు, కొందరు వేళ్ళు. పర్శరాములు నమ్ముకున్నది కాళ్ళను. ఏ సాంచెకు ఏ జబ్బు మొదలవుతోందో అతని మడిమకు ముందే తెలిసేది. తాగితే కాళ్ళు మొద్దుబారతాయని విని కల్లు జోలికి పోలేదు. ఆ కాళ్ళే అతని చదువు. ఆనాడు అవి చెప్పింది నిజమే అయినా, తాగొచ్చిండు అన్న ఆ ఒక్క మాటతో అతను ఆ చదువునే అనుమానించడం మొదలుపెట్టాడు. భివండీ నుంచి వచ్చాక ఒక చిన్న ఆసామి దగ్గర నాలుగు సాంచెలు నడిపేవాడు. నేల గురించి మాత్రం పద్నాలుగేళ్ళలో ఒక్క ముక్క మాట్లాడలేదు.

భార్య సత్తమ్మ మాత్రం ఆ సంగతి మర్చిపోనిచ్చేది కాదు. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, నెలకోసారైనా అనేది, "నోరు వాసన చూడు ఆసామీ అనకపోయినవా? అంత మందిల నోరు తెర్వకపోయినవా?"

"తెరిస్తే?"

"తెరిస్తే తేలిపోతుండె. పొద్దుగాల తిన్న ఉల్లిగడ్డ వాసన తప్ప ఏమొస్తుండె?"

ఇలా పద్నాలుగేళ్ళు గడిచాక, డిసెంబరులో ఒక పొద్దున ములుగు అడవుల దిక్కు భూమి కదిలింది. తెలంగాణలో సగం మంది ఇళ్ళలోంచి రోడ్ల మీదికి ఉరికారు. కరీంనగర్‌లో మేడల మీంచి లుంగీలతో దిగినవాళ్ళున్నారు, సబ్బు నురగతో దిగినవాళ్ళూ ఉన్నారు. కరీంనగర్‌కు గంట దూరంలో ఉన్న ఈ సాంచెల వాడలో మాత్రం ఎవరూ దిగలేదు, ఎవరూ ఉరకలేదు. సాంచెలు ఆడుతూనే ఉన్నాయి, గుడ్డ దిగుతూనే ఉంది. భూకంపం వచ్చిపోయిందన్న సంగతి వాళ్ళకు టీవీలో తెలిసింది.

"భూకంపం మన వాడ దాక వచ్చిందంట" అన్నాడు కొండల్, ఛాయ్ హోటల్ ముందు. కొండల్ పొద్దున ఆటో నడిపి, సాయంత్రం ఫోనులో వార్తల చానెల్ నడిపే పిల్లగాడు. "వచ్చి, చూసి, ఈళ్ళకు గీ ఊగుడు రోజూ ఉన్నదే అని మర్లిపోయిందంట." తర్వాత పర్శరాములు వైపు తిరిగాడు. "ఏం మామా, నీ పేరు మీదనే వచ్చింది గదా, నీకన్నా ఒక ఫోన్ చెయ్యలేదా?"

అందరూ నవ్వారు. పర్శరాములు కూడా నవ్వి, గ్లాసు కింద పెట్టి లేచాడు.

నిజానికి ఫోన్ వచ్చింది. ఆ పొద్దున నాలుగు సాంచెల మధ్య నిలబడి ఉండగా, వాటి లయ కిందనుంచి పరాయిది ఒకటి పాకినట్టు మడిమలకు తెలిసింది. ఇది సాంచెది కాదు అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం సత్తమ్మకు చెప్పాడు.

"మరి గప్పుడే చెప్పకపోయినవా?"

"చెప్తే మళ్ల తాగినవంటరు."

సత్తమ్మ బీడీకి దారం చుట్టి, తెంపి, ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో ఏడాదికి ఒకసారి జరిగే వింత.

ఆ నెల చివర అమావాస్య వచ్చింది. ఎన్ని సాంచెలు కరెంటుకు మారినా, ఎన్ని ప్రభుత్వాలు మారినా, ఆ వాడలో అమావాస్యకు మగ్గం నడపరు. తాతల నాటి కట్టు. ఆ ఒక్క రోజే ఆడవాళ్ళు గోడకు చేరగిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకుంటారు. ఆ ఒక్క రోజే వాడలో పిట్టలున్నాయని తెలుస్తుంది.

ఆ అమావాస్య పొద్దున, పదకొండు కావస్తుండగా, నేల మోగింది.

ఖాళీ డ్రమ్మును ఎవరో భూమి లోపల బండల మీద దొర్లించుకుంటూ పోయినట్టు గుడగుడమని చప్పుడు. గూన పెంకులు టకటకలాడాయి. గూట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలాయి. పది పన్నెండు లెక్కపెట్టేంతలో ఆగిపోయింది. అందరూ గల్లీలోకి వచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరింట్లో ఏది పడిందని అడిగారు. ఏదీ పడలేదు.

మళ్ళీ నెల అమావాస్య నాడు, మళ్ళీ మోగింది.

ఇక చెప్పేదేముంది? ఆ సాయంత్రమే కొండల్ చానెల్‌లో ఎర్రటి అక్షరాలు పడ్డాయి: అమావాస్య వస్తే భూమి ఎందుకు అరుస్తోంది? వచ్చే అమావాస్య శివరాత్రి తెల్లారి. శివరాత్రి తర్వాతి అమావాస్యకు పెద్ద భూకంపం తప్పదని ఎవరో పంతులు అన్నాడట. ఏ పంతులో కొండల్‌కూ తెలియదు. ఒక్కొక్కరిది ఒక్కొక్క మాట. గ్రానైటు క్వారీల పేలుళ్ళని ఒకరు, బొగ్గు బావులని ఒకరు. "బోర్లు ఏసి ఏసి భూమి కడుపు బోలు చేసినరు, ఇగ మోగకుంటె ఏం జేస్తది" అని ముసలోళ్ళు. ఎవరు ఏం చెప్పినా అమావాస్య అన్న మాట దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకటే. రెండుసార్లు కళ్ళారా చూసిందాన్ని కాదనేదెట్లా?

వాడకంతా భయం, బుగులు పట్టుకుంది. గ్యాస్ సిలిండర్లు వాకిట్లోకి వచ్చాయి. టీవీలకు దుప్పట్లు చుట్టారు. ఒక కుటుంబం జైనూర్ దగ్గర చుట్టాలింటికి పోతామని మూటలు కట్టింది. అక్కడేం భద్రమని అడిగితే, "ఆడ గుడిసెలే. కూలినా మీద పడేది గడ్డే" అన్నారు. తెలివి ఉంది ఆ మాటలో. అందరికన్నా ఎక్కువ భయపడ్డవాడు అందరికన్నా ఎత్తు ఇల్లున్నవాడు. కైలాసం తన రెండంతస్తుల ఇల్లు వదిలి, షెడ్డు ఎదురుగా ఖాళీ జాగాలో నీలం టార్పాలిన్ కట్టించుకున్నాడు. మంచం, కూలర్, ఫ్రిజ్ అన్నీ దాని కిందికి చేరాయి. గుడిసెలో పుట్టి మేడకెక్కినవాణ్ని నెల రోజుల్లో మళ్ళీ గుడిసెకు చేర్చింది ఆ గుడగుడ. ఆ మాత్రం న్యాయం ఏ సంఘమూ చేయలేదు.

ఈలోగా జిల్లా నుంచి ఒక సారు వచ్చాడు, పెట్టెలో ఒక మిషన్‌తో. బడి వరండాలో దాన్ని పెట్టి, తెర తెరిచి చూశాడు. గీతలు పూనకం వచ్చినట్టు ఊగుతున్నాయి. సారు అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇది భూకంపం కాదు. ఇదంతా మీ మగ్గాల అదురు. దీనికింద ఏముందో ఎట్లా తెలుస్తది? ముందు మగ్గాలు ఆపించండి."

"ఆపుడు కాదు సార్" అన్నాడు కైలాసం. ఆసాముల సంఘానికి అతనే పెద్ద. "మా సాంచెలు అమావాస్యకు తప్ప ఆగయి."

"అయితే నేను అమావాస్యకే వస్తా" అని సారు పెట్టె మూసుకుని, ఛాయ్ తాగి పోయాడు.

గుంపు చివర నిలబడ్డ పర్శరాములుకు ఆ మాట ఎక్కడో చేపముల్లులా దిగింది. అమావాస్యకు తప్ప ఆగవు. మిషన్ పాపం తనలాంటిదే. దానికీ సాంచెల కింద ఉన్నది తెలియడం లేదు. లేదా తెలిసినా చెప్పలేకపోతోంది.

ఆ సాయంత్రం ఖానాపూర్ నుంచి చెల్లె గంగుబాయి ఫోన్ చేసింది. ఆమె మొగుడికి అక్కడ రెండెకరాల పసుపు. చెవిటి అన్నతో మాట్లాడాలంటే పొలం గట్టు మీదికి పోయి అరుస్తుంది.

"అన్నా, మీ తాన భూమి మోగుతుందట గదనే? టీవీల చూసిన."

"అమావాస్య అమావాస్యకు మోగుతుందే గంగూ."

"అమావాస్యకే ఎందుకట? మా తాన అమావాస్య లేదు, పున్నం లేదు. సంక్రాంతి ముంగట నుంచి వారానికి రెండు మూడుసార్లు మోగుతనే ఉంది. ఎడ్లు కూడ చెవులు ఆడిస్త లేవు ఇప్పుడు. మీది గదేం భూమే, క్యాలెండర్ చూసి మోగుతుందా?"

పర్శరాములు ఫోన్ పెట్టేసి, చెప్పులు విడిచి వాకిట్లో నిలబడ్డాడు. ఎదురు గల్లీలో సాంచెలు దడదడలాడుతున్నాయి. నెలన్నర నుంచి, అమావాస్య కాని రోజుల్లో కూడా, ఆ దడదడ కింద ఏదో పాకినట్టు ఎన్నిసార్లు అనిపించిందో. అనిపించిన ప్రతిసారీ తన కాళ్ళదే తప్పని తనే కొట్టిపారేశాడు.

"సత్తమ్మా" అన్నాడు లోపలికొచ్చి. "భూమి అమావాస్యకు మోగుతలేదే. రోజూ మోగుతుంది. అమావాస్యకు మనకు వినొస్తుంది, అంతే."

సత్తమ్మ చేతిలో ఆకు ఆగింది. కత్తెర ఆగింది. "సాంచెలు బందు ఉంటయి గనుక" అంది మెల్లగా.

"ఆఁ."

"వాడంత మూటలు గట్టింది గిందుకేనా? మనమే మోత పెట్టుకుంట ఉండి, భూమికి అమావాస్య అంటగట్టినమా?" సత్తమ్మ నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక చాట పక్కన పెట్టింది. నవ్వు అయ్యాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పో. కైలాసంకు చెప్పు. ఆయన చెప్తెనే సాంచెలు ఆగుతయి" అంది.

"నేను పోను."

"పోకు. రేపు బుగులుకు ఏ ముసల్దో గుండాగి చస్తది. అప్పుడు ఇంట్ల కూసొని నాకు ముందుగాల్నే ఎరుక అను."

పద్నాలుగేళ్ళ తర్వాత పర్శరాములు కైలాసం గడప తొక్కాడు. గడప అనడానికి అక్కడ టార్పాలిన్ తాడు తప్ప ఏమీ లేదు. కైలాసం మంచం మీద కూర్చుని ఫ్రిజ్‌లోని చల్లనీళ్ళు తాగుతున్నాడు.

పర్శరాములు చెప్పాల్సింది చెప్పాడు. మూడు రోజులు, రోజూ పొద్దున పది నుంచి పదకొండు దాకా, వాడలో అన్ని సాంచెలు బందు పెట్టాలి. అమావాస్య కాని రోజున కూడా మోగితే, అమావాస్య బుగులు పోతుంది.

"సాంచెలు బందు పెట్టుమంటవా? నీ కాలికి ఏమన్న తెల్సిందారా మళ్ల?"

"తెల్సింది."

కైలాసం నవ్వబోయి ఆగాడు. అతని షెడ్డులో పదిమందిలో నలుగురు ఇప్పటికే సంచులు సర్దుకున్నారు. శివరాత్రి దాటితే ఎందరు మిగులుతారో తెలియదు. "సరే. మోగకుంటె మాత్రం మళ్ల వాడల భూకంపం మాట ఎత్తద్దు."

"మోగితె నువ్వు ఆనాటి మాట అందరి ముంగట వాపస్ తీస్కోవాలె."

"ఏ నాటి మాట?"

పర్శరాములు అతని మొహంలోకి చూశాడు. నటన కాదు. నిజంగానే గుర్తులేదు. పద్నాలుగేళ్ళు ఒకడు మోసిన బరువు, వేసినవాడికి చేతులు దులుపుకున్నంత సేపు కూడా గుర్తుండలేదు. "యాదికొస్తది తియ్యి" అని పర్శరాములు వచ్చేశాడు.

మొదటి రోజు పది గంటలకు సాంచెలు ఆగాయి. పక్షం నడుమ మామూలు రోజున వాడ ఎప్పుడూ అంత నిశ్శబ్దంగా లేదు. ఉయ్యాలల్లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకున్నారు. ఆ మోతలో పుట్టినవాళ్ళకు మోత ఆగితేనే భయం. కోళ్ళు అయోమయంగా తిరిగాయి. జనం వట్టి కాళ్ళతో గల్లీలో నిలబడ్డారు. కొండల్ ఫోన్ పైకెత్తి లైవ్ పెట్టాడు. పదకొండయింది. ఏమీ మోగలేదు.

"భూకంపం మామా, నీ భూకంపం బస్సు మిస్సయినట్టుంది" అన్నాడు కొండల్.

"రేపు బందు లేదు" అన్నాడు కైలాసం. "గంట పని కరాబు జేసినవు. పో ఇగ."

ఆ రాత్రి పర్శరాములు అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపాడే గాని తినలేదు. సత్తమ్మ అతని కాళ్ళ వైపు చూసింది. "అవి ఏమంటున్నయి?" అని అడిగింది.

"ఇయ్యాల మోగలేదంటున్నయి. మొన్న మోగిందంటున్నయి."

"అయితె రేపటి సంగతి నేను చూస్త."

రెండో రోజు పదింటికి, చిన్న షెడ్లన్నీ వాటంతటవే ఆగాయి. మొదటిరోజు నవ్వినవాళ్ళకు కూడా లోపల ఆశ ఉంది మరి. కైలాసం షెడ్డు ఒక్కటే ముప్పై రెండు నోళ్ళతో అరుస్తోంది. సత్తమ్మ, వెనక పదిహేనుమంది బీడీలు చుట్టే ఆడవాళ్ళు, ఒళ్ళో తంబాకు పొడి దులుపుకుంటూ షెడ్డులోకి పోయారు. కైలాసం అడ్డం వచ్చాడు.

"ఏందమ్మా ఇది? ఎటు పోతున్నరు?"

"ఆసామీ, నువ్వు బందు పెడ్తవా, నేను పెట్టాల్నా?"

"నీకు మెయిన్ ఏడుందో ఎర్కనా?"

"మా ఆయిన ఏడేండ్లు సాంచె నడిపిన షెడ్డు. ఆ గోడకే గదా?" అంటూ సత్తమ్మ మెయిన్ పిడిని కిందికి గుంజింది.

ముప్పై రెండు సాంచెలు ఒక్కసారి మూలిగి ఆగాయి. కైలాసం నోరు తెరిచాడు. అతని నోట్లోంచి మాట వచ్చేలోపలే, కింద నుంచి మొదలైంది.

గుడగుడగుడ. అదే డ్రమ్ము, అవే బండలు. కైలాసం షెడ్డు రేకులు జల్లుమన్నాయి. గల్లీలో ఎవరో పసివాణ్ని ఎత్తుకున్నారు. పర్శరాములు నడి గల్లీలో కళ్ళు మూసుకుని నిలబడ్డాడు, చాలా ఏళ్ళ తర్వాత ఒక పాత స్నేహితుడు భుజం మీద చెయ్యి వేసినట్టు. పన్నెండు లెక్కపెట్టేసరికి ఆగిపోయింది.

తర్వాత ఒక ముసలామె వేళ్ళు మడిచి తిథులు లెక్కపెట్టి, "ఇయ్యాల అమావాస్య కాదు గదా" అంది. ఇంకొకామె, "అయితే రోజూ ఉన్నదేనా ఇది? ఇన్ని దినాలు మోగిందా?" అంది. "మోగింది" అన్నాడు పర్శరాములు. "మన మోత కింద మనకు వినరాలే." "మరి ఎందుకు మోగుతుంది?" "అది నాకెర్కలే. సారుకు కూడ ఎర్కలేదు. అమావాస్య కోసం మాత్రం కాదు."

ఎందుకు మోగుతోందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. అయినా వింతగా, ఆ మధ్యాహ్నానికి సగం సిలిండర్లు ఇళ్ళలోకి పోయాయి. ముహూర్తం పెట్టుకుని వచ్చే శత్రువంటే భయం గాని, రోజూ గల్లీలోంచి పోయే మనిషంటే ఎవరు భయపడతారు? జైనూర్ మూటలు విప్పారు. కైలాసం టార్పాలిన్ మాత్రం విప్పలేదు.

సాయంత్రం కొండల్ చానెల్‌లో కైలాసం కుర్చీలో కూర్చుని మాట్లాడాడు. "మా సంఘం తరఫున సాంచెలు బందు పెట్టి, శాస్త్రీయంగ పరిశీలించినం. ప్రజలు పరేషాన్ కావద్దు."

ఫోన్‌లో అది చూసి సత్తమ్మ, "శాస్త్రీయంగనట! మెయిన్ గుంజింది నేను" అంది. "నీ పేరన్నా ఎత్తిండా?"

"ఎత్తలే."

"ఆనాటి మాట?"

"అది ఆయనకు యాదికే లేదు."

"మరి నువ్వు ఊకుంటవా?"

మర్నాటి నుంచి పర్శరాములు పనికి పోయేటప్పుడు కైలాసం షెడ్డు ముందు గల్లీ తప్పించి పోవడం మానేశాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆ గుమ్మం ముందునుంచే, చెప్పులు చేత పట్టుకుని, నింపాదిగా నడిచిపోయేవాడు.

శివరాత్రి వచ్చింది, జాగారాలు అయ్యాయి, తెల్లారి అమావాస్య వచ్చింది. సాంచెలు ఆగాయి. మాట ఇచ్చిన ప్రకారం సారు పెట్టెతో వచ్చి బడి వరండాలో కూర్చున్నాడు. ఛాయ్ హోటల్ ముందు నలభై మంది బెంచీల మీద, అరుగుల మీద చేరారు. పదకొండు దాటాక ఒకసారి సన్నగా గుడగుడమంది. "అయింది, పోయింది. రెండు ఛాయ్ పోయి" అన్నాడెవరో, మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకరు వెళ్ళినంత మామూలుగా.

అప్పుడే కైలాసం వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. అతని షెడ్డు వెనక గోడలో సన్నటి చీలిక కనబడిందట. అది పాతదో కొత్తదో, నేల కుంగుతోందో, ఏడో సాంచె దగ్గర బండలు ఎందుకు లేచాయో అతనికి తేలడం లేదు. ఇంజినీరును పిలిస్తే వారం తర్వాత వస్తానన్నాడు. కైలాసం గుంపు అంచునే ఆగిపోయాడు. బెంచీలన్నీ దాటి లోపల గోడకు కూర్చున్న పర్శరాములుకు అక్కడినుంచి సరిగ్గా పది గజాలు.

"బావా" అన్నాడు కైలాసం.

బెంచీల మీద తలలన్నీ అటు తిరిగాయి. ఆ పిలుపు విని ఇరవై ఏళ్ళు దాటింది.

"బావా, ఒక్కపాలి మా షెడ్డుల కాలు పెట్టి జూడు. ఏడో సాంచె కింద. నీ కాలికి తెలుస్తది గదా."

కొండల్ ఫోన్ తీశాడు, ఎందుకో మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పర్శరాములు గ్లాసు కింద పెట్టి, చెప్పులు పక్కకు జరిపి, వట్టి కాళ్ళతో లేచి నిలబడ్డాడు. నలభై మందీ అతన్నే చూస్తున్నారు. ఆనాడు షెడ్డులో నోరు విప్పనివాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు.

ఆ ఇద్దరూ ఎదురుపడడం అదే చివరిసారి. ఆ ఎండాకాలంలో కైలాసం సాంచెలు అల్లుడికి అప్పగించి, కరీంనగర్‌లో ఒక్క అంతస్తు ఇల్లు చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు పర్శరాములు మాట విన్నాక కైలాసం ఏం చేశాడన్నది వాడలో ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా చెబుతారు. దగ్గరికి నడిచాడని కొందరు, వచ్చినదారినే మర్లాడని కొందరు. పర్శరాములు అన్న మాట మాత్రం అందరూ ఒకే తీరుగా చెబుతారు.

"వస్త ఆసామీ, ఎందుకు రాను? గాని గంత దూరం నుంచి అంటే నాకు వినొస్తలేదు, మీ సాంచెల మోతకు చెవులు పోయినయి. దగ్గరికి రా. ముందుగాల నోరు వాసన జూడు. ఆనాడు మర్చిపోయినవు."